పాత మకాన్ ఎవరి హక్?



మన ఇళ్లలోని పిల్లలకు లివర్‌పూల్ అంటే మొహమ్మద్ సలాహ్. గోల్ కొట్టి సజ్దాలో పడే ఆ ఈజిప్టు ఆటగాడి వల్ల ఎర్ర జెర్సీ మన మొహల్లాల్లో కూడా కనబడుతోంది. ఆ ఎర్ర జెర్సీ క్లబ్ పుట్టిందే ఒక కిరాయా తగాదా వల్ల అన్న సంగతి మాత్రం చాలామంది పిల్లలకు తెలియదు. కిరాయాదారు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతే, ఖాళీ ఇంట్లో కూర్చున్న మాలిక్ కొత్తగా పెట్టుకున్న టీము అది. ఖాళీ చేసి వెళ్లిన కిరాయాదారు పేరు ఎవర్టన్. అదే షహర్, అదే పార్కు పక్కన, నీలం జెర్సీ.

ఆ ఎవర్టన్ క్లబ్ 2025లో మళ్లీ ఇల్లు మారింది. 133 ఏళ్ల పాటు ఆడిన గుడిసన్ పార్క్‌ను వదిలి, మెర్సీ నది ఒడ్డున పాత రేవులో కట్టిన హిల్ డికిన్సన్ స్టేడియంకు వెళ్లింది. రెండు సార్లు ఇల్లు మారిన ఈ క్లబ్ తారీఖ్‌లో మన ఖాన్‌దాన్‌లు మాట్లాడుకోదగిన విషయాలు ఉన్నాయి. ఖర్జ్ ఎలా తీసుకోవాలి, హమ్‌సాయాల హక్ ఏమిటి, వదిలి వెళ్లే మకాన్‌ను ఎవరి చేతిలో పెట్టాలి - ఇవన్నీ ఇందులో వస్తాయి.

కిరాయా ఇంట్లో గెలిచిన టీము

ఎవర్టన్ క్లబ్ 1878లో ఒక చర్చిలో పుట్టింది. సెయింట్ డొమింగో అనే మెథడిస్ట్ చర్చి కుర్రాళ్లు చలికాలంలో ఆడుకోవడానికి పెట్టుకున్న టీము. చర్చి బయటి వాళ్లు కూడా చేరడంతో మరుసటి ఏడు మొహల్లా పేరే టీముకు పెట్టారు. మొదట స్టాన్లీ పార్క్ అనే బహిరంగ పార్కులో ఆడారు. పార్కులో టికెట్టు పెట్టడానికి వీల్లేదు. చుట్టూ కంచె ఉన్న మైదానం కావాలి. 1884లో ఆన్‌ఫీల్డ్ రోడ్డు మీద ఒక మైదానం కిరాయాకు దొరికింది.

ఆ మైదానం దొరకడంలో పెద్ద చేయి జాన్ హౌల్డింగ్‌ది. బీరు తయారీ కంపెనీ యజమాని, పట్టణ రాజకీయాల్లో పలుకుబడి ఉన్న మనిషి, క్లబ్ ప్రెసిడెంటు కూడా. తర్వాత ఆ భూమిని తనే కొనేశాడు. అంటే క్లబ్‌కు పెద్దమనిషీ ఆయనే, ఇంటి మాలిక్ కూడా ఆయనే. 1884లో ఏడాదికి 100 పౌండ్లున్న కిరాయా 1889-90 నాటికి 250 పౌండ్లకు చేరింది. మైదానంలో తాగడానికి దొరికే సరుకు కూడా ఆయన కంపెనీదే ఉండాలి. టీము ఎంత బాగా ఆడితే, ఎంత జనం వస్తే, ఆయన రాబడి అంత పెరిగేది.

టీము బాగానే ఆడింది. 1888లో మొదలైన ఫుట్‌బాల్ లీగ్‌లో ఎవర్టన్ మొదటి 12 క్లబ్బుల్లో ఒకటి. 1890-91 సీజన్‌లో ఛాంపియన్ అయింది. కిరాయా మైదానంలోనే కప్పు గెలిచింది.

కప్పు వచ్చిన తర్వాతే తగాదా ముదిరింది. తన భూమినీ, పక్కనున్న భూమినీ కలిపి క్లబ్ కొనాలని, దానికోసం కంపెనీ పెట్టాలని హౌల్డింగ్ ప్రతిపాదన. సభ్యుల్లో ఎక్కువ మంది ఒప్పుకోలేదు. వాళ్లకు నాయకుడు జార్జ్ మాహన్. అదే సెయింట్ డొమింగో చర్చిలో ఆర్గన్ వాయించే మనిషి. ఈ తగాదాలో కిరాయాతో పాటు షరాబ్ మాట కూడా ఉందని కొందరు చరిత్రకారులు అంటారు. మెథడిస్టుల్లో మద్యం వద్దనే వాళ్లు చాలామంది. చర్చిలో పుట్టిన టీము షరాబ్ వ్యాపారి గుప్పిట్లో ఉండటం వాళ్లకు మింగుడుపడలేదట.

1892లో సభ్యులు తీర్మానం చేశారు. ఇల్లు ఖాళీ చేద్దాం.

హౌల్డింగ్ ఊరుకోలేదు. ఎవర్టన్ అనే పేరు తన దగ్గరే ఉంచుకోవాలని చూశాడు. పేరు సభ్యులదేనని ఫుట్‌బాల్ పెద్దలు తేల్చారు. మైదానం మాత్రం ఆయనకు మిగిలింది. మైదానం ఉంది, టీము లేదు. అప్పుడు ఆయన పెట్టిన కొత్త క్లబ్ లివర్‌పూల్. సలాహ్ ఆడిన ఆన్‌ఫీల్డ్ అదే.

డాక్టర్ ఇచ్చిన ఖర్జె హసనా

పేరు దక్కింది. ఆడటానికి చోటు? స్టాన్లీ పార్కుకు అవతలి వైపు మీర్ గ్రీన్ అనే బీడు నేల ఉంది. ఆన్‌ఫీల్డ్ నుంచి మైలు దూరం కూడా ఉండదు. కొనాలంటే సుమారు 8,000 పౌండ్లు. పైగా నేల చదును చేయాలి, స్టాండ్లు కట్టాలి. అంత డబ్బు సభ్యుల దగ్గర లేదు.

అప్పుడు ముందుకొచ్చిన మనిషి డాక్టర్ జేమ్స్ బాక్స్‌టర్. క్లబ్ కమిటీలో సభ్యుడు, కాథలిక్ క్రైస్తవుడు. ఆ రోజుల్లో లివర్‌పూల్‌లో కాథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ పడేది కాదు, వీధుల్లో కొట్లాటలు కూడా జరిగేవి. మెథడిస్ట్ చర్చిలో పుట్టిన క్లబ్‌కు ఆ కాథలిక్ డాక్టర్ 1,000 పౌండ్లు ఇచ్చాడు. సూద్ లేకుండా.

మన దీన్‌లో దీనికి పేరుంది. ఖర్జె హసనా. అవసరంలో ఉన్నవాడికి సూద్ ఆశించకుండా ఇచ్చే అప్పు. ఇచ్చినవాడికి అల్లాహ్ దగ్గర అజ్ర్ తప్ప మరో లాభం ఉండకూడదు. బాక్స్‌టర్‌కు ఈ మాట తెలిసి ఉండదు. కానీ చేసిన పని అదే. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ కోసమే కట్టిన మొట్టమొదటి పెద్ద స్టేడియానికి పునాది డబ్బులో ఒక ముఖ్యమైన భాగం సూద్ లేని డబ్బు.

1892 ఆగస్టు 24న గుడిసన్ పార్క్ తెరిచారు. ఆ రోజు ఫుట్‌బాల్ ఆడలేదు. పరుగు పందేలు పెట్టారు, పటాకులు కాల్చారు. సెప్టెంబరు 2న బోల్టన్‌తో మొదటి ఆట. ఎవర్టన్ 4-2తో గెలిచింది. కిరాయా ఇంటి నుంచి సొంతింటికి మారడానికి పట్టింది కొన్ని నెలలే.

అదే షహర్‌లో మరో కిరాయాదారు

సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే అదే షహర్‌లో ఇంకో చిన్న జమాత్ కిరాయా ఇంటితో తంటాలు పడింది. ఆ కహానీ మన సొంతం, కాబట్టి ఇక్కడ చెప్పుకోవాలి.

విలియం హెన్రీ క్విలియం లివర్‌పూల్‌లో వకీలు. మద్యపానానికి వ్యతిరేకంగా ఉపన్యాసాలిచ్చే మనిషి. మొరాకో వెళ్లి ముసల్మాన్లను చూశాడు. 1887లో తాను ఇస్లాం ఖబూల్ చేసిన సంగతి బయటపెట్టి అబ్దుల్లా క్విలియం అయ్యాడు. మౌంట్ వెర్నన్ వీధిలో ఒక కిరాయా గదిలో కొద్దిమందితో జమాత్ మొదలైంది. వీళ్ల అఖీదా ఏమిటో తెలిశాక మాలిక్ ఖాళీ చేయించాడని చెబుతారు. 1889లో వెస్ట్ డెర్బీ రోడ్డులో బ్రూమ్ టెర్రస్ అనే ఇళ్ల వరసలో ఒక ఇంటికి మారారు. అక్కడే నమాజ్, అక్కడే మదర్సా, అక్కడి నుంచే ‘ది క్రెసెంట్’ అనే వారపత్రిక. ఇంగ్లండ్‌లో తొలి మసీదుగా చెప్పుకునేది ఆ ఇంటినే. ఉస్మానియా సుల్తాన్ అబ్దుల్ హమీద్ ఆయనకు బ్రిటిష్ దీవుల షేఖుల్ ఇస్లాం అనే హోదా ఇచ్చాడు.

రేవుకు ఓడల మీద వచ్చిన ముసల్మాన్ నావికులు, వాళ్లలో మన హిందుస్తాన్ లస్కర్లు కూడా, ఆ ఇంటి తలుపు తట్టేవాళ్లు. పరాయి ముల్క్‌లో చనిపోయిన వాళ్లకు జనాజా నమాజ్ చదివించే దిక్కు ఆ ఇల్లే.

1908లో క్విలియం షహర్ వదిలి వెళ్లాడు. ఇల్లు చేజారింది. ఆ కట్టడంలో తర్వాత ప్రభుత్వ రిజిస్ట్రీ ఆఫీసు నడిచింది. షహర్ ప్రజల పుట్టుకలు, చావులు అక్కడ రాసేవారు. దాదాపు వందేళ్ల తర్వాత, 2014లో, అక్కడ మళ్లీ నమాజ్ మొదలైంది.

రెండు కహానీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి అర్థమవుతుంది. ఆటకైనా ఇబాదత్‌కైనా పేరు, జనం ఉంటే చాలదు. పాదం కింది నేల ఎవరి పేరున ఉందో అదే చివరికి నిలబెడుతుంది. ఎవర్టన్‌కు సూద్ లేని అప్పు దొరికి నేల సొంతమైంది, 133 ఏళ్లు నిలిచింది. క్విలియం జమాత్ ఒక్క మనిషి చుట్టూ అల్లుకుంది, ఆ మనిషి వెళ్లగానే చెదిరింది. వక్ఫ్ ఎందుకు అవసరమో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

గుడిసన్‌లో దాచుకున్న అమానత్‌లు

గుడిసన్ పార్క్ ఊరి బయట కట్టిన స్టేడియం కాదు. వాల్టన్ మొహల్లాలో ఇరుకు ఇళ్ల వరసల మధ్య ఉంటుంది. ఒక మూలన సెయింట్ ల్యూక్ చర్చి రెండు స్టాండ్ల మధ్య ఇరుక్కున్నట్టు కనబడుతుంది. ఆట వైపు వాళ్లూ ప్రార్థన వైపు వాళ్లూ ఒకరినొకరు ఓర్చుకుంటూ వందేళ్లకు పైగా గడిపారు. మ్యాచ్ రోజు చర్చి హాలులో టీ అమ్మేవారు.

అక్కడ డిక్సీ డీన్ ఆడాడు. 1927-28లో ఒక్క లీగ్ సీజన్‌లో 60 గోల్స్. ఇంగ్లండ్ పై డివిజన్‌లో ఆ రికార్డును ఇప్పటికీ ఎవరూ దాటలేదు. 1980 మార్చి 1న, లివర్‌పూల్‌తో మ్యాచ్ చూడటానికి వచ్చి, ఆ స్టేడియంలోనే కన్నుమూశాడు. 1966 వరల్డ్ కప్‌లో ఉత్తర కొరియా మూడు గోల్స్ ముందుకు వెళితే, పోర్చుగల్ ఆటగాడు యుసేబియో ఒక్కడే నాలుగు కొట్టి 5-3తో గెలిపించింది కూడా ఆ గడ్డి మీదే.

ఇంకో మ్యాచ్ గురించి తప్పక చెప్పాలి. 1920 డిసెంబరు 26న గుడిసన్‌లో ఆడవాళ్ల మ్యాచ్ జరిగింది. ప్రెస్టన్ ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయిల టీము డిక్, కెర్ లేడీస్ ఒక వైపు, సెయింట్ హెలెన్స్ అమ్మాయిలు మరో వైపు. ఆట ఖైరాత్ కోసం. స్టేడియంలో 53,000 మంది. లోపల చోటు లేక వేలమంది బయటే ఉండిపోయారు. ఏడాది తిరక్కుండానే, 1921 డిసెంబరులో, ఆడవాళ్ల ఆటకు తన క్లబ్బుల మైదానాలు ఇవ్వకూడదని ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం నిషేధం పెట్టింది. ఆట ఆడవాళ్లకు తగదన్నారు. ఆ నిషేధం దాదాపు 50 ఏళ్లు నడిచింది. అంత జనాన్ని రప్పించిన అమ్మాయిలకు అదే గేటు మూసేశారు.

గుడిసన్‌లో మనకు వింతగా అనిపించేది ఒకటుంది. వందల మంది అభిమానుల చితాభస్మాన్ని వాళ్ల ఇంటివాళ్లు తెచ్చి మైదానం అంచుల్లో మట్టిలో కలిపారు. ఇక చోటు లేదని 2004లో క్లబ్ ఆపేయాల్సి వచ్చింది. మన దీన్‌లో దహనం లేదు. మయ్యత్‌ను మట్టికి అప్పగిస్తాం, ఫాతిహా చదువుతాం. అయినా ఆ ఎహసాస్ మనకు తెలియనిది కాదు. దుబాయ్‌లోనో దమ్మామ్‌లోనో ఉన్న కొడుకు ఊరికొస్తే మొదట ఖబ్రస్తాన్‌కు ఎందుకు వెళతాడు? అమ్మీ అబ్బాలున్న మట్టి పిలుస్తుంది కాబట్టి. గుడిసన్ ఆ కుటుంబాలకు అలాంటి చోటు.

నది ఒడ్డుకు, సూద్ మీద

ఇంత అనుబంధం ఉంటే ఎందుకు వదిలారు? కారణం సాదాసీదాగానే ఉంది. స్టేడియం ముసలిదైంది. స్తంభాలు అడ్డొచ్చి ఆట కనబడని సీట్లు చాలా ఉన్నాయి. పట్టేది 39 వేల పైచిలుకు మంది. చుట్టూ ఇళ్లు, చర్చి, బడి. పెంచడానికి చోటు లేదు. పక్కనే ఉన్న ఆన్‌ఫీల్డ్ పెరుగుతూ పోతోంది. రాబడిలో తేడా ఏటేటా పెరిగింది.

వెళ్లడానికి రెండు సార్లు ముందే ప్రయత్నించారు. కింగ్స్ డాక్ అనే చోట కట్టాలనుకుంటే 2003 నాటికి తమ వాటా డబ్బు సమకూరక పథకం పోయింది. షహర్ అవతల కిర్క్‌బీలో కట్టాలనుకుంటే 2009లో ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. మూడోసారి ఎంచుకున్నది బ్రామ్లీ-మూర్ డాక్. 1848లో జెస్సీ హార్ట్లీ అనే ఇంజినీరు కట్టిన రేవు, ఒకప్పుడు బొగ్గు ఓడలెక్కిన చోటు. 2021 ఆగస్టులో పని మొదలైంది. రేవులోని నీళ్లను సముద్రం అడుగు నుంచి తెచ్చిన ఇసుకతో పూడ్చారు. పాత రాతి గోడలను పగలగొట్టకుండా ఇసుక కింద అలాగే ఉంచారు. పక్కనున్న పాత హైడ్రాలిక్ టవర్‌ను బాగు చేశారు. గుడిసన్ స్టాండ్ మీద ఆర్చిబాల్డ్ లీచ్ అనే ఇంజినీరు పెట్టిన అడ్డదిడ్డ ఇనుప కమ్మీల నమూనాను కొత్త స్టేడియం ఇటుక గోడల్లో మళ్లీ పేర్చారు. 52 వేల పైచిలుకు మంది పడతారు.

నష్టం కూడా జరిగింది. లివర్‌పూల్ రేవుల ప్రాంతం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉండేది. ఈ స్టేడియంతో సహా నది ఒడ్డున వస్తున్న కొత్త కట్టడాల వల్ల ఆ పాత రూపం పోయిందని 2021 జులైలో ఆ పేరు తీసేశారు. 2023 ఆగస్టులో ఆ పనిలో ఉన్న ఒక యువ కార్మికుడు ప్రమాదంలో చనిపోయాడు. పెద్ద కట్టడం చూసి సుబ్‌హానల్లాహ్ అనే ముందు, దాన్ని కట్టిన చేతులను యాది చేసుకోవడం మన ఫర్జ్. గల్ఫ్‌లో ఎండల్లో పనిచేసే మనవాళ్లు ఎంతమందో మనకు తెలుసు కదా.

డబ్బు సంగతికి వద్దాం. 1892కూ 2025కూ అసలు తేడా ఇక్కడే. 2016 నుంచి క్లబ్ మాలిక్ ఇరాన్‌లో పుట్టిన ఫర్హాద్ మొషీరీ. ఆయనకు దగ్గరి వ్యాపారవేత్త ఉజ్బెకిస్తాన్‌లో పుట్టిన అలీషేర్ ఉస్మానోవ్. ఉస్మానోవ్ కంపెనీ స్టేడియం పేరు హక్కుల్లో మొదటి అవకాశం కోసమే 3 కోట్ల పౌండ్లు ఇచ్చింది. రెండు పేర్లూ మన పేర్లే. పేరు మనదైనంత మాత్రాన హిసాబ్ మనదవదు. 2022లో ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం మొదలయ్యాక ఉస్మానోవ్ మీద బ్రిటన్ ఆంక్షలు పెట్టింది. స్పాన్సర్ డబ్బు ఆగింది. కట్టడం సగంలో ఉంది. క్లబ్ అప్పు మీద అప్పు తెచ్చింది. 777 పార్ట్‌నర్స్ అనే అమెరికా కంపెనీ అప్పులిస్తూ క్లబ్‌ను కొనబోయింది. 2024లో ఆ బేరం చెడింది.

లీగ్ రూల్స్ దాటి నష్టాలు చూపినందుకు 2023 నవంబరులో ఎవర్టన్‌కు 10 పాయింట్లు కోసేశారు. అప్పీలులో అది 6 అయింది. 2024 ఏప్రిల్‌లో ఇంకో 2 పోయాయి. ఆ కేసులో వాదన జరిగిన విషయాల్లో ఒకటి స్టేడియం కోసం తెచ్చిన అప్పుల మీద సూద్. దాన్ని ఏ ఖాతాలో రాయాలి, నష్టంలో కలపాలా వద్దా అని. మొదటి ఇల్లు ఒక డాక్టర్ ఇచ్చిన ఖర్జె హసనాతో లేచింది. రెండో ఇంటి సూద్ లెక్క ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. సూద్ బర్కత్ తినేస్తుందని మన నానీలు దాదీలు చెప్పేది మజహబ్ మాట మాత్రమే కాదు, హిసాబ్ మాట కూడా.

1892లో కావలసింది వేల పౌండ్లు, ఇప్పుడు కావలసింది కోట్ల పౌండ్లు. ఇంత డబ్బు ఖర్జె హసనాగా ఎవరిస్తారని అడగవచ్చు. నిజమే. కానీ సూద్ లేకుండా పెద్ద కట్టడాలకు డబ్బు సమకూర్చే దారులు లేకపోలేదు. లాభనష్టాల్లో పాలు పంచుకునే ముషారకా, ఆస్తి కిరాయా మీద నడిచే సుకూక్ ఈ రోజు మలేషియాలో, గల్ఫ్‌లో రోడ్లకూ విమానాశ్రయాలకూ వాడుతున్నారు. బ్రిటన్ ప్రభుత్వమే 2014లో సుకూక్ జారీ చేసింది. దారి ఉంది, తొందరలో ఎవరూ అటు చూడరు. చివరికి 2024 డిసెంబరులో ఫ్రీడ్‌కిన్ గ్రూప్ అనే అమెరికా సంస్థ క్లబ్‌ను కొని గట్టెక్కించింది.

ఈలోపు మైదానంలో క్లబ్‌ను నిలబెట్టిన వాళ్లలో మన బిడ్డలూ ఉన్నారు. 2023 మే 28న సీజన్ ఆఖరి రోజు, గుడిసన్‌లో బోర్న్‌మత్ మీద అబ్దులాయ్ డుకూరే కొట్టిన ఒక్క గోల్‌తో ఎవర్టన్ పై డివిజన్‌లో మిగిలింది. అది పడకపోతే కింది డివిజన్‌కు దిగిపోయేది. అబ్దులాయ్ అంటే అబ్దుల్లానే, పశ్చిమ ఆఫ్రికా వాళ్ల నోట్లో అలా పలుకుతుంది. ఆయన పక్కన సెనెగల్ ఆటగాడు ఇద్రిస్సా గేయ్, మన ఇద్రీస్. 2025 మే 18న గుడిసన్‌లో మగవాళ్ల టీము ఆఖరి మ్యాచ్. సౌతాంప్టన్ మీద 2-0. రెండు గోల్సూ ఇలిమాన్ ఎన్‌డియాయ్‌వి, సెనెగల్‌కు ఆడే కుర్రాడు. ఆగస్టు 24న, గుడిసన్ తెరిచిన తారీఖునే, కొత్త స్టేడియంలో బ్రైటన్ మీద మొదటి గోల్ కూడా అతనిదే. ఎవర్టన్ 2-0తో గెలిచింది. పాత ఇంటికి ఖుదాహాఫిజ్ చెప్పిందీ, కొత్త ఇంట్లో బిస్మిల్లా చేసిందీ ఒకే కాలు.

వదిలి వెళ్లేవాడి జిమ్మేదారీ

ఇక అసలు సవాల్. పాత ఇల్లు ఏమైంది?

మక్కా వదిలి మదీనాకు హిజ్రత్ చేసిన రాత్రి హుజూర్ (స) ఏం చేశారో మన పిల్లలందరికీ తెలుసు. తన ప్రాణం తీయడానికి చూస్తున్న వాళ్లు దాచుకున్న అమానత్‌లను కూడా ఎవరివి వారికి తిరిగి ఇచ్చి రమ్మని హజ్రత్ అలీ (రజి)ని వెనక ఉంచారు. ఆ ముబారక్ వాకియాతో ఒక ఫుట్‌బాల్ క్లబ్‌ను పోల్చడం లేదు, అస్తగ్‌ఫిరుల్లాహ్. ఈమాన్ కోసం వదలడం వేరు, రాబడి కోసం వదలడం వేరు. నేర్చుకోవలసిన సబక్ మాత్రం ఒకటుంది. ఇల్లు మారేవాడిని కొత్త ఇంటి సొగసుతో తూచకూడదు. వెనక ఎవరి అమానత్‌లు ఉన్నాయి, వాటిని ఏం చేశాడు అన్నదే తూకం.

ఎవర్టన్ వెనక హమ్‌సాయాలున్నారు. వాల్టన్ ఇంగ్లండ్‌లోని పేద ప్రాంతాల్లో ఒకటి. మ్యాచ్ రోజు గిరాకీ మీద బతికే చిప్స్ దుకాణాలు, టీ కొట్లు, కండువాలమ్మే వాళ్లు అక్కడున్నారు. కొత్త స్టేడియం సుమారు రెండు మైళ్ల దూరం. నడిచి వెళ్లగలిగే దూరమే. దుకాణం నడిచి వెళ్లలేదు. మట్టిలో కలిసిన వందల మంది ఉన్నారు. క్లబ్ ఖైరాత్ సంస్థ ఆ వీధుల్లో నడిపే బడి, మానసిక ఆరోగ్య కేంద్రం ఉన్నాయి.

మొదట అనుకున్నది గుడిసన్‌ను కూల్చి ఇళ్లు, ఆరోగ్య కేంద్రం, తోట కట్టాలని. ఉద్దేశం మంచిదే. 2025 మే నెలలో నిర్ణయం మారింది. గుడిసన్‌ను కూల్చరు. అది ఎవర్టన్ ఆడవాళ్ల టీముకు ఇల్లు అవుతుంది. అంతవరకు ఆ టీము వాల్టన్ హాల్ పార్క్ అనే చిన్న మైదానంలో ఆడేది, అక్కడ పట్టేది రెండు వేల పైచిలుకు మంది. 2025-26 సీజన్ నుంచి ఆడపిల్లలు గుడిసన్‌లో ఆడుతున్నారు. 1920లో 53,000 మందిని రప్పించి, మరుసటి ఏడు గేటు బయట నిలబడ్డ ఆడవాళ్ల వారసులకు అదే గేటు తాళం చేతికొచ్చింది.

వ్యాపార కారణాలు ఇందులో లేవని ఎవరూ అనరు. మగవాళ్ల మ్యాచ్‌కు వచ్చినంత జనం రారు, దుకాణాలకు పాత గిరాకీ అంతా తిరిగి రాదు. ఇది పూర్తి ఇన్సాఫ్ కాదు. అయినా దీపం ఆరిపోలేదు. శనాదివారాల్లో ఆ వీధిలో జనం నడుస్తున్నారు. మట్టిలో ఉన్నవాళ్ల మీద బుల్‌డోజర్ నడవలేదు.

ఇక్కడ మన ఇళ్ల సంగతి అడగకుండా ఉండలేను. కూతురికి విరాసత్‌లో వాటా ఇవ్వాలని మన దీన్ 1,400 ఏళ్ల కిందటే ఫర్జ్ చేసింది. యూరప్ కలగనక ముందే. కానీ పాత మకాన్ అమ్మి కొత్త అపార్ట్‌మెంటుకు మారుతున్నప్పుడు మన ఖాన్‌దాన్‌లలో ఎంతమంది అక్కాచెల్లెళ్లను కూర్చోబెట్టి హిసాబ్ చెబుతున్నారు? జహేజ్ ఇచ్చాం కదా, ఇంకేం హక్ అనే మాట ఎన్ని ఇళ్లలో వినబడుతుంది? జహేజ్ రివాజు, విరాసత్ హక్. ఒకటి ఇచ్చి రెండోది తప్పించుకోవడం కుదరదు. దీన్ చెప్పకుండానే ఒక ఫుట్‌బాల్ క్లబ్ పాత మకాన్‌ను ఆడపిల్లల చేతిలో పెట్టింది. దీన్ చెప్పిన మనం ఏం చేస్తున్నాం?

ఇల్లు సొంతం కాకపోతే ఏమవుతుందో చూడటానికి లివర్‌పూల్ దాకా పోనక్కర్లేదు. మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ షహర్. ఆయన కోచ్‌గా ఉండగా హిందుస్తాన్ 1951లోనూ 1962లోనూ ఏషియాడ్ బంగారం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. అలాంటి షహర్‌లో 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది, 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ ఛాంపియన్ అయింది. గచ్చిబౌలిలో సర్కారీ స్టేడియంలో ఆడేది. 2025లో మాలికులు దాన్ని ఢిల్లీకి తీసుకెళ్లి పేరు కూడా మార్చేశారు. కప్పు గెలిచిన క్లబ్, కానీ ఈ షహర్‌లో దానికి పాత మకాన్ అంటూ ఏదీ మిగల్లేదు. వదిలి వెళ్లేటప్పుడు ఎవరికి ఏం అప్పగించాలి అనే సవాలే రాలేదు. నేల సొంతం కానప్పుడు, అభిమానుల మాట వినే దస్తూర్ లేనప్పుడు, క్లబ్ ఒక దుకాణం బోర్డులా తీసి ఇంకోచోట తగిలించవచ్చు.

1892లో ఎవర్టన్ సభ్యులకు పేరు మీద హక్ ఉంది, ఓటు ఉంది, ఒక డాక్టర్ ఖర్జె హసనా ఉంది. అందుకే మాలిక్‌ను కాదని నడిచి వెళ్లగలిగారు. మన మసీదు కమిటీ అయినా, మొహల్లా బడి అయినా, పిల్లల ఫుట్‌బాల్ టీము అయినా నిలవాలంటే ఆ మూడూ చూసుకోవాలి. కాగితం జమాత్ పేరున ఉందా? మాట్లాడే హక్ అందరికీ ఉందా? అవసరానికి సూద్ లేకుండా చేయి చాచే బాక్స్‌టర్ లాంటి మనిషి మన మధ్య ఒక్కడైనా ఉన్నాడా? లేకపోతే ఆ మనిషి మనమే కావచ్చు, ఇన్షా అల్లాహ్.